మన నెట్టు బందైంది

శుక్రవారం సాయంత్రం ఐదు గంటల లోపల కాశీవిశ్వనాథం తాను దొంగ కాదని రుజువు చేసుకోవాలి.

ఆ గడువు పెట్టింది నిర్మాత నాగేశ్వరి గారు. దాన్ని గురువారం సాయంత్రం ఫోన్లో చేరవేసింది ఆవిడ ప్రొడక్షన్ మేనేజరు వెంకటేశ్వరరావు. ఫోన్ మోగినప్పుడు కాశీవిశ్వనాథం చారు పెట్టుకుంటున్నాడు. ఎందుకో స్టవ్ ఆపి మరీ ఫోన్ ఎత్తాడు. తర్వాత గంటసేపు కుర్చీలోంచి లేవలేకపోయినా ఆ పూట చారు మాడకుండా మిగిలింది.

వచ్చే శుక్రవారం విడుదల కావలసిన సినిమాలోంచి రెండు నిమిషాల పాట ముక్క ఒకటి నెట్‌లోకి ఎక్కింది. తెర పైమూల అంకెలు పరిగెడుతున్నాయి, కిందిమూల 'సబ్‌టైటిల్ కాపీ' అని ముద్ర ఉంది. ఆ ముద్ర వేసిన కాపీ ఊరు మొత్తానికి ఒక్కటే. అది కాశీవిశ్వనాథం చేతికే వస్తుంది, ఎందుకంటే తెలుగు మాటల కింద ఇంగ్లీషు మాటలు రాసేది ఆయనే. అంతటితో ఆగినా ఏదో ఒకటి చెప్పుకునేవాడు. పైరసీని పట్టడానికి నాగేశ్వరి గారు పెట్టుకున్న మనిషి ఆరా తీస్తే, ఆ ముక్క మంగళవారం పొద్దున పదకొండూ యాభైకి ఎక్కిందనీ, ఎక్కించిన నెట్ కనెక్షన్ ఫిల్మ్‌నగర్‌లో కాశీవిశ్వనాథం పేరు మీదే ఉందనీ తేలింది.

"మీరు అలాంటివారు కాదనే మేడంతో అన్నానండీ," అన్నాడు వెంకటేశ్వరరావు. "కానీ కాపీ మీది, కనెక్షన్ మీది. ఇక నేను మాత్రం ఏమని అడ్డుపడను? రేపు ఐదింటికి మేడమూ నేనూ వస్తాం. చెప్పేదేమన్నా ఉంటే అప్పుడు చెప్పండి. లేదంటే మీ ఇంటి నుంచి నేరుగా పోలీసు స్టేషనే."

కాశీవిశ్వనాథం ఈ పని మొదలుపెట్టి పదమూడేళ్ళయింది. అంతకుముందు వెంగళరావు నగర్‌లో ఒక ట్యుటోరియల్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవాడు. ఇన్నేళ్ళలో ఎన్ని సినిమాలు విడుదలకు ముందే ఆయన టేబుల్ మీదికి వచ్చాయో లెక్కలేదు. హీరో చస్తాడో బతుకుతాడో దేశంలో అందరికంటే ముందు తెలిసిన పదిమందిలో ఆయనొకడు. టీ కొట్టు దగ్గర ఎవరైనా కదిపితే నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వే ఆయన ఆస్తి. నాలుగేళ్ళ కిందట భార్య జగదాంబ పోయాక ఆయన్ని పొద్దున్నే లేపి కూర్చోబెట్టింది కూడా ఈ పనే. దొంగ అన్న మాట వినడానికి జగదాంబ లేకపోవడం మేలే అనుకున్నాడు ముందు. ఆ వెంటనే, ఆవిడే ఉంటే వెంకటేశ్వరరావు ఆ ఫోన్ సగంలో పెట్టేసి ఉండేవాడని తోచి, కాస్త ధైర్యం వచ్చింది.

పొద్దున ఏడింటికల్లా కూతురికి ఫోన్ చేశాడు. స్ఫూర్తి కాపురం మధురానగర్‌లో, ఉద్యోగం మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో. తండ్రి చెప్పిందంతా విని ఒకే ఒక ప్రశ్న వేసింది.

"నాన్నా, నీ వైఫైకి పాస్‌వర్డ్ ఏంటి?"

"పాస్‌వర్డ్ లేదమ్మా."

"లేదంటే, గుర్తు లేదా? అసలు లేదా?"

"అసలే లేదు. బిగించిన అబ్బాయి పెట్టే వెళ్ళాడు. అది మాటిమాటికీ అడుగుతోందని నేనే తీయించేశాను."

అవతలి నుంచి కుక్కర్ కూత ఒకటి వినబడింది.

"ఆ డబ్బా ఎక్కడుంది? ఇంకా కిటికీలోనేనా?"

"ఈశాన్యంలో."

"సరే, దిక్కు తెలిసింది. కిటికీలోనేనా అని అడుగుతున్నా."

కిటికీలోనే. అదీ ఇంటాయన లక్ష్మయ్య మాట వల్ల. కింద వాటాలో ఉండే లక్ష్మయ్య అద్దె ఒక నెల ఆలస్యమైనా అడగడు గాని, వాస్తు తప్పితే ఊరుకోడు. నెట్ బిగించిన రోజున పైకి వచ్చి, గోడ వారగా పెట్టిన రూటర్‌ని తన చేతులతో తీసి ఈశాన్యపు కిటికీ గట్టు మీద పెట్టాడు. ఆకాశంలోంచి వచ్చేది గంగ లాంటిదేననీ, దానికి ఈశాన్యం తప్ప వేరే చోటు లేదనీ ఆయన వాదం. ఫిల్మ్‌నగర్ కొండ ఊరు. ఆ కిటికీ వీధి మీదికి తెరుచుకుంటుంది. వీధి అక్కడి నుంచి పల్లానికి దిగుతుంది. కిటికీలోని నెట్ ఇంట్లో కాశీవిశ్వనాథానికి ఎంత అందేదో తెలియదు గాని, కింది వాటాకీ, ఎదురు అపార్ట్‌మెంటుకీ, మూలమీది మొబైల్ దుకాణానికీ, కింద ఆగిన కార్లకీ పుష్కలంగా అందేది.

పగటిపూట తలుపుకు గడియ పెట్టే అలవాటు ఆ ఇంట్లో ఎప్పుడూ లేదు. ఎవరో ఒకరు దాహమంటూ వస్తారని జగదాంబ పెట్టనిచ్చేది కాదు. నెట్‌కి మాత్రం గడియ ఎందుకని ఆయన అనుకున్నాడు.

"నాన్నా, జాగ్రత్తగా విను," అంది స్ఫూర్తి. "బయటివాళ్ళెవరో నీ నెట్ వాడుకున్నారు. అందులో ఎవరు ఏం చేసినా నువ్వు చేసినట్టే లెక్క. ఆ డబ్బాలో వారం రోజుల చిట్టా ఉంటుంది. ఏ కంప్యూటర్ ఎప్పుడు కలిసింది, ఏ సైట్‌కి వెళ్ళింది, అంతా. ముందు అది రాసుకో. తర్వాత తాళం వెయ్యి. నాకు ఇవాళ సెలవు దొరకదు, పది నిమిషాలు చెబుతా. మిగతాది డబ్బాతో ఇచ్చిన పుస్తకం చదివి చేసుకోగలవా?"

"పుస్తకం చదవడమే కదమ్మా నాకు వచ్చింది."

"తాళాల్లో రెండు రకాలుంటాయి. వెప్ అని ఒకటుంటుంది, అది వద్దు. తలుపుకి పురికొస కట్టినట్టు. డబ్ల్యూపీఏ టూ పెట్టు. ఇంకోటి నాన్నా."

"చెప్పు."

"పాస్‌వర్డ్‌గా అమ్మ పేరు పెట్టకు. ఎవరైనా ముందు అదే కొడతారు."

కాశీవిశ్వనాథం మనసులో అప్పటికే ఉన్నది ఆ పేరే. "పెట్టనులే," అన్నాడు.

స్ఫూర్తి ఆఫీసుకు వెళ్ళిపోయాక ఒక పొరపాటు జరగబోయి తప్పింది. ఎందుకైనా మంచిదని ఆయన నెట్ కంపెనీ వాళ్ళ సహాయం నంబరుకు చేస్తే, అటు నుంచి ఒకమ్మాయి, ఏ ఇబ్బందైనా డబ్బా వెనక చిన్న రంధ్రంలో పిన్నుతో నొక్కమని తీయగా చెప్పింది. పిన్ను పట్టుకుని డబ్బాను తిప్పాడు కూడా. కాని ప్రతి వాక్యాన్నీ రెండుసార్లు చదవడం ఆయన వృత్తి. పిన్ను పక్కన పెట్టి పుస్తకం తీశాడు. ముప్పై ఎనిమిదో పేజీలో అడుగున, చీమ తలకాయలంత అక్షరాల్లో ఉంది: అలా నొక్కితే డబ్బాలో ఉన్నదంతా చెరిగిపోతుంది, చిట్టాతో సహా. ఆ అక్షరాలు వేసిన మనిషి ఎక్కడున్నా చల్లగా ఉండాలని అనుకుని, పిన్ను తీసుకెళ్ళి బీరువాలో పెట్టి తాళం వేశాడు.

ఎనిమిదిన్నరకు చిట్టా తెర మీదికి వచ్చింది. దాన్ని తెరవడానికి కావలసిన పేరూ, పాస్‌వర్డ్ మాటా రెండూ డబ్బా అడుగున చీటీ మీద అచ్చువేసే ఉన్నాయి. ప్రపంచంలో ఆ రకం డబ్బాలన్నిటికీ అవే పేరు, అవే మాట అని పుస్తకం చెప్పింది. అంటే, వీధిలో పోయే ఎవరైనా తన ఇంటికి యజమాని కావచ్చన్న మాట. 

వరుసలు చదువుతూ వెళ్ళాడు. ఆదివారం. సోమవారం. మంగళవారం. పదకొండూ నలభై ఎనిమిది, పాట ముక్క ఎక్కిన సైట్ పేరు. దాని పక్కన ఆ సైట్‌కి వెళ్ళిన కంప్యూటరు నంబరు. కారుకి ఛాసిస్ నంబరు ఎలాగో ప్రతి కంప్యూటరుకీ ఫ్యాక్టరీలో కొట్టిన నంబరొకటి ఉంటుంది. అంకెలూ అక్షరాలూ కలిపి పన్నెండు, రెండేసి చొప్పున ఆరు జతలు. తన కంప్యూటరు నంబరు పుస్తకం చెప్పినట్టు వెతికి పక్కన పెట్టి చూసుకున్నాడు. ఒక్క జత కూడా కలవలేదు.

తాను చేయలేదని తనకు ముందే తెలుసు. అయినా ఆ అంకెలు చూసుకుంటే కళ్ళు చెమర్చాయి. చిట్టా ప్రింటు తీసి, చేత్తో కూడా ఎత్తి రాసుకున్నాడు. ఆ తర్వాత, తొమ్మిదిన్నరకు, తాళం వేశాడు. డబ్బాకు పాత మాట మార్చాడు, నెట్‌కి పాత పేరు మార్చాడు, డబ్ల్యూపీఏ టూ పెట్టి, ఏ సినిమా పేరూ ఏ మనిషి పేరూ కాని ఇరవై అక్షరాల పాస్‌వర్డ్ పెట్టాడు. రూటర్‌ని కిటికీలోంచి తీసి లోపల గదిలో పుస్తకాల అలమరలో పెట్టాడు.

కాఫీ కలుపుకుని కూర్చున్నాక అసలు చిక్కు కనబడింది. ఇది నా కంప్యూటరు కాదంటే, మరి ఎవరిదంటారు. ఎవరిదో చెప్పలేకపోతే, రెండో కంప్యూటరు ఎక్కడో దాచావంటారు. వీధి వీధంతా తిరిగి ఇంటింటికీ వెళ్ళి, అయ్యా మీ కంప్యూటరు నంబరు చూపించండి అనాలా? అడిగితే చూపిస్తారా? కాఫీ చల్లారిపోయింది.

తలుపు చప్పుడైంది. లక్ష్మయ్య.

"సార్, మన నెట్టు బందైంది."

కాశీవిశ్వనాథం గ్లాసు కింద పెట్టాడు. "మన నెట్టా?"

"అదే సార్, నీ కిటికీలకెల్లి కిందికి దిగుతది గదా. పొద్దుగాల సంది వస్తలేదు. కంపెనోళ్లకు జర ఫోన్ కొట్టరాదు."

"మీరు కంప్యూటరు ఎప్పుడు కొన్నారు లక్ష్మయ్యగారూ?"

"కోడలిది. ఆమె డ్యూటీకి పోయినంక నేను ఒగ్గుకథలు పెట్టుకుంట. ఇయ్యాల కథల పెండ్లి సగంల ఆగింది. పెండ్లి గట్ల ఆగుడు మంచిది గాదు సార్."

కాశీవిశ్వనాథం ఆయన్ని కూర్చోబెట్టి ఉన్నదంతా చెప్పాడు. లక్ష్మయ్య ముఖం ఎర్రబడింది.

"నిన్ను దొంగంటరా? నా ఇంట్ల కిరాయికుండేటోన్ని? రానీ, ఐదింటికి నేను గూడ ఈడనే కూసుంట."

"కూర్చుందురు గాని. ముందు ఆ కంప్యూటరు పట్టుకురండి, నంబరు చూస్తాను."

లక్ష్మయ్య తువ్వాల్లో చుట్టి తెచ్చిన ల్యాప్‌టాప్ నంబరు చూశాడు. కలవలేదు. అది రాసుకుంటుండగానే ఆయనకు విషయం అర్థమైంది. తాను ఎవరి గుమ్మమూ ఎక్కనక్కర్లేదు. వీధి కుళాయి ఆగిపోతే బిందెలు పట్టుకుని అందరూ ఎలా వస్తారో, ఇప్పుడు అలాగే వస్తారు. తనకు చెప్పకుండా వాడుకున్నవాళ్ళే తన దగ్గరికి ఫిర్యాదుకు వస్తారు. ఎక్కడైనా ఇలా జరుగుతుందో లేదో గాని ఈ వీధిలో జరిగి తీరుతుంది.

పదకొండింటికి మూల దుకాణం తిరుమలేశ్ వచ్చాడు. మొబైళ్ళు బాగుచేస్తాడు, మెమరీ కార్డుల్లో పాటలు నింపుతాడు. పాటలు నింపేవాణ్ణి చూడగానే కాశీవిశ్వనాథం చిట్టా కాగితం చేతిలోకి తీసుకున్నాడు.

"అంకుల్, నెట్ ఏమైంది? గిరాకీ నిలవడ్డది."

"నెట్ నాది కదా తిరుమలేశ్."

"మీదే అంకుల్, నేను కాదంటున్ననా? గాలిల వస్తుంటే పట్టుకున్న. మీ కరెంటేం కాలలేదు గదా."

సంగతి చెప్పేసరికి తిరుమలేశ్ మెట్ల మీదే కూలబడ్డాడు. తన కంప్యూటరు పెద్దది, మోసుకు రాలేడు. కాశీవిశ్వనాథమే దిగి దుకాణానికి వెళ్ళాడు. లక్ష్మయ్య కూడా వెనకే వచ్చి, తిరుమలేశ్ పారిపోకుండా అన్నట్టు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. నంబరు తెర మీదికి వచ్చింది. మొదటి జతే వేరు.

"నేను దించుత అంకుల్, ఎక్కియ్య," అన్నాడు తిరుమలేశ్ చెమట తుడుచుకుంటూ. "అందరికీ ఊరికెనే దొరికేటట్టు ఎక్కిస్తే నా దుకాణంల ఎవడు నింపుకుంటడు?"

"దించుడు మాత్రం మంచిదారా?" అన్నాడు లక్ష్మయ్య.

"నువ్వు నీ ఒగ్గుకథ పెండ్లి చూస్కో పెద్దమనిషి."

మధ్యాహ్నం భోజనం వేళకు ఎదురు అపార్ట్‌మెంటు మంజులత వచ్చింది, ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని. సీరియళ్ళకు డబ్బింగ్ చెబుతుంది. జగదాంబ పోయిన నాటి నుంచి వారానికి రెండుసార్లు గిన్నెడు గడ్డపెరుగు పంపుతుంది. ఎందుకు పంపుతున్నావని ఆయనెప్పుడూ అడగలేదు, ఆమే ఎప్పుడూ చెప్పలేదు.

"బాబాయ్ గారూ, నా గొంతు శాంపిల్ రెండింటికల్లా పంపాలి. నెట్ లేదు. ఏమైందండీ?"

"కూర్చో అమ్మా. ముందు ఒకసారి అది ఇలా ఇవ్వు."

మొదటి జత కలిసింది. రెండోది కలిసింది. మూడోది కూడా కలిసింది. కాశీవిశ్వనాథం ఆగిపోయాడు. ఈ అమ్మాయి కాకూడదు. దొంగ దొరక్కపోయినా ఫరవాలేదు, ఈ అమ్మాయి మాత్రం కాకూడదు. వేలిని కాగితం మీద నాలుగో జత దగ్గరికి జరిపాడు. నాలుగోది వేరు. ఐదోది, ఆరోది కూడా వేరు. పుస్తకం తిరగేస్తే తెలిసింది: మొదటి సగం తయారుచేసిన కంపెనీ గుర్తు, అసలు మనిషిని పట్టించేది రెండో సగమే.

"ఏంటండీ, ముఖం అలా అయిపోయింది?" అంది మంజులత.

"ఏం లేదమ్మా. పెరుగు బాగుంటుంది నీ చేతిది. ఎప్పుడూ చెప్పలేదు."

ఆమె శాంపిల్‌ని తన కంప్యూటరులోంచే, ఆమె కళ్ళెదుటే పంపించాడు. కథంతా విని, ఐదింటికి తానూ వస్తానంది మంజులత. వద్దన్నా వినలేదు.

మూడైంది. నాలుగైంది. ఇంకెవరూ రాలేదు. మంగళవారం పదకొండూ నలభై ఎనిమిదికి కలిసిన నంబరు కాగితం మీద అలాగే ఉంది, సొంతదారు లేకుండా. కాశీవిశ్వనాథం ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఎటు తీసుకెళ్ళినా మడత నలగని చొక్కాతో వెళ్ళాలనుకున్నాడు.

సరిగ్గా ఐదింటికి కారు ఆగింది. నాగేశ్వరి గారు ముందు, వెంకటేశ్వరరావు ఆయాసపడుతూ వెనక, మెట్లెక్కి వచ్చారు. ఆవిడకు యాభై దాటాయి. భర్త పోయాక అప్పుల్లో ఉన్న సంస్థను నిలబెట్టిన మనిషి. కుర్చీలో కూర్చుని, గోడవార నిలబడ్డ లక్ష్మయ్యనీ మంజులతనీ ఒకసారి చూసింది.

"వీళ్ళెవరండీ?"

"నా నెట్ వాడుకున్నవాళ్ళు," అన్నాడు కాశీవిశ్వనాథం.

చిట్టా ఆవిడ ముందు పెట్టి, తడబడకుండా చెప్పుకొచ్చాడు. నెట్ తెరిచి ఉంచడం తన తప్పేనని మొదటే ఒప్పుకున్నాడు. పాట ఎక్కించిన కంప్యూటరు తనది కాదనీ, వీళ్ళది కాదనీ, మూల దుకాణంవాడిది కాదనీ నాలుగు నంబర్లూ పక్కపక్కన చూపించాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని శ్రద్ధగా చూసింది.

"బాగానే ఉందండీ," అన్నాడు వెంకటేశ్వరరావు. "ఇది నాది కాదు, అది వాళ్ళది కాదు. మరి ఎవరిది? ఎవరిదో తెలియని నంబరొకటి చూపించి తప్పుకుంటానంటే ఎలాగండీ మాస్టారూ?"

కాశీవిశ్వనాథం చిట్టాను తన వైపు తిప్పుకుని మళ్ళీ మొదటి నుంచి చూశాడు.

"ఆ ముక్క ఇంకా నెట్‌లో ఉందా, తీసేశారా?" అనడిగింది నాగేశ్వరి గారు. "అదొకసారి చూపించు వెంకటేశ్వరరావూ."

వెంకటేశ్వరరావు సంచీలోంచి ల్యాప్‌టాప్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. మూతి చిట్లించి తెర వైపు వంగాడు.

"ఏంటండీ మాస్టారూ, మీ నెట్టు పోయిందా? ఎప్పుడూ దానంతటదే కలిసేది."

 ఆ మాట అన్న మనిషికి ఇంకా తెలియలేదు, తాను ఏమన్నాడో. లక్ష్మయ్యకు తెలిసింది. మంజులతకు తెలిసింది. నాగేశ్వరి గారు కళ్ళజోడు మెల్లగా తీసింది.

"మంగళవారం కూడా కలిసిందాండీ?" అన్నాడు కాశీవిశ్వనాథం మృదువుగా. "ఆ రోజు డిస్కు తెచ్చారు మీరు. మోకాళ్ళ నొప్పని డ్రైవరుతో పైకి పంపి, కింద కారులో గంటసేపు కూర్చున్నారు. మీకు టీ పంపాను."

"ఊరికే మెయిల్ చూసుకున్నానండీ."

"అయితే నంబరు చూద్దాం," అంది నాగేశ్వరి గారు. "ఇలా ఇవ్వు."

కాశీవిశ్వనాథం పక్కన నిలబడి ఎక్కడ నొక్కాలో చెప్పాడు. కాగితం ఆయన చేతిలో, ల్యాప్‌టాప్ ఆవిడ ఒళ్ళో. ఆవిడ ఒక జత చదివింది, ఆయన కాగితం మీది జత చదివాడు. రెండోది. మూడోది. నాలుగో జతను ఆయనే ముందు చదివాడు. ఆవిడ చదివింది. అదే. ఐదోదీ అదే. ఆరోది ఇద్దరూ ఒకేసారి చదివారు.

వెంకటేశ్వరరావు ఏమీ దాచలేదు. దాచడానికి ఏమీ మిగల్లేదు. విజయవాడలో బావమరిది థియేటర్లు నడుపుతాడు. సినిమా ఇంకా ఎవరూ చూడకముందే నా చేతిలో ఉంది చూడు అని గొప్పకు పోయి, డిస్కు తెస్తూ దారిలో పాట ముక్క ఒకటి కాపీ చేసుకున్నాడు. ఆఫీసు నెట్‌లో పంపితే కనిపెడతారని, ఇక్కడ కిటికీ కింద ఊరికే వస్తున్న నెట్‌లో ఎక్కించి బావమరిదికి లింకు పంపాడు. లింకు ఇచ్చినవాడికే కనబడుతుందనుకున్నాడు. బావమరిదికీ ఒక బావమరిది ఉంటాడన్న సంగతి తట్టలేదు. నింద మాస్టారి మీద పడ్డాక, నోరు విప్పే ధైర్యం చాలలేదు.

"మీరు చేసి ఉండరన్నానండీ మేడంతో," అన్నాడు తల దించుకుని. "అదొక్కటీ నిజమేనండీ."

"నిజమే," అన్నాడు కాశీవిశ్వనాథం. లోపలికి వెళ్ళి గ్లాసుడు మంచినీళ్ళు తెచ్చి అతని చేతికిచ్చాడు. లక్ష్మయ్య అది చూసి తల కొట్టుకున్నాడు.

"నీళ్ళిస్తవేంది సార్ గానికి?"

"మెట్లెక్కి వచ్చాడు కదండీ, మోకాళ్ళ నొప్పితో."

నాగేశ్వరి గారు నీళ్ళు తాగనిచ్చింది. ఆ తర్వాత చెయ్యి చాపింది. వెంకటేశ్వరరావు ఆఫీసు తాళాలూ, సంచీలోని డిస్కులూ టేబుల్ మీద పెట్టాడు. పోలీసుల సంగతి రేపు లాయరుతో మాట్లాడాక అంది ఆవిడ. అతను మెట్లు దిగి, కారు వైపు చూడకుండా ఆటో కోసం పల్లం వైపు నడిచాడు.

ఆవిడ లేచి నిలబడింది. "మాస్టారూ, పదమూడేళ్ళుగా తెలిసిన మనిషిని నిన్నొక్క పూటలో అనుమానించాను. నా నోటితో నేను చెప్పాల్సిన మాటని ఫోన్లో వేరేవాళ్ళతో చెప్పించాను. తప్పు నాది."

"మీరు వచ్చి విన్నారండీ. అది చాలు."

"చాలదు. టైటిల్స్‌లో మీ పేరు ఎప్పుడూ చివర పదిమందితో కలిపి వేస్తాం కదా. ఈ సినిమాకి విడిగా వేస్తాం, తెర నిండా. ఇంకొకటి అడగనా?"

"అడగండి."

"మా ఆఫీసులో కూడా నెట్ ఉంది. దానికి తాళం ఉందో లేదో నాకు తెలియదు. మా వాళ్ళకీ తెలిసుండదు. మీరొకసారి వచ్చి చూస్తారా? ఇప్పుడే?"

కాశీవిశ్వనాథం పుస్తకం చేత పట్టుకుని కారెక్కాడు. వీధి దిగేదాకా తిరుమలేశ్ దుకాణం మెట్ల మీద నిలబడి చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. కారు అద్దంలోంచి వెనక్కి చూస్తే, లక్ష్మయ్య ఎదురింటివాళ్ళకు చేతులు తిప్పుతూ కథంతా చెబుతున్నాడు. మంజులత మధ్యమధ్య సరిదిద్దుతోంది.

జూబ్లీహిల్స్‌లో ఆఫీసు దీపాలన్నీ వెలుగుతున్నాయి. విడుదలకు వారమే ఉంది, ఒక్కరూ ఇంటికి పోలేదు. పాట ఎక్కించింది సబ్‌టైటిల్ మాస్టారేనని పొద్దుటి నుంచీ చెప్పుకుంటున్నారు. ఆ మనిషే మేడం పక్కన లోపలికి వచ్చేసరికి అక్కడున్న పదిహేనుమందీ లేచి నిలబడ్డారు. ఏమైందో నాగేశ్వరి గారు నాలుగే వాక్యాల్లో చెప్పింది. తెలియక ఏమేమి మాట్లాడుకున్నారో గుర్తొచ్చి కొందరు నేల చూశారు. అకౌంట్స్ ఓంప్రకాష్ గబగబా ముందుకొచ్చి కుర్చీ లాగి తుడిచాడు.

రూటర్ రిసెప్షన్లో పూలకుండీ వెనక ఉంది. దాని అడుగు చీటీ మీది పేరూ మాటా ఎవరూ మార్చనే లేదు. కాశీవిశ్వనాథం కుర్చీలో కూర్చుని పుస్తకం తెరిచాడు గాని, దాని అవసరం లేకుండానే చేతులు పని చేసుకుపోయాయి. పాత మాట మార్చాడు. పేరు మార్చాడు. పురికొసలాంటి తాళం తీసి గట్టి తాళం ఎంచాడు. చివరికి పాస్‌వర్డ్ అడిగే గడి వచ్చింది. తలెత్తి చూస్తే పదిహేనుమందీ కుర్చీ చుట్టూ మూగి తెర మీదికి వంగి ఉన్నారు, క్లైమాక్స్ చూస్తున్నట్టు.

"అందరూ ఒకసారి అటు తిరగండి బాబూ," అన్నాడు.

 ఎడిటరూ, అసిస్టెంటు డైరెక్టర్లూ, టీ ట్రే పట్టుకున్న హనుమంతూ, ఓంప్రకాషూ, అందరూ గోడ వైపు తిరిగి నిలబడ్డారు.

నాగేశ్వరి గారు ఒక్కతే చేతులు కట్టుకుని అక్కడే ఉంది. ఆయన ఆవిడ వైపు చూశాడు. కాస్త మొహమాటపడ్డాడు, కాని చూపు మళ్ళించలేదు.

"మీరు కూడా మేడం. తర్వాత మీకొక్కరికే రాసిస్తాను."

ఆవిడ పెదవుల మీద నవ్వొకటి వచ్చింది. పమిట సర్దుకుని గోడ వైపు తిరిగింది. గది మొత్తంలో కాశీవిశ్వనాథం ఒక్కడే కంప్యూటరు వైపు ముఖం పెట్టి, తొందరేమీ లేకుండా, ఒక్కొక్క అక్షరమే కొట్టాడు.